‘అ’: స్లావిక్ సముచ్చయంగా మిగిలిన ఒక పంచమీ విభక్తి

రష్యన్, ఉక్రేనియన్, బెలారుసియన్, పోలిష్, చెక్, స్లొవాక్, సోర్బియన్, స్లొవీన్, సెర్బియన్, క్రొయేషియన్, మెసిడోనియన్, బల్గేరియన్ భాషలన్నింటిలోనూ, అవి సిరిలిక్ లిపిలో రాసేవైనా లాటిన్ లిపిలో రాసేవైనా, ఒకే అక్షరంతో రాసి ఒకే అచ్చుతో పలికే సముచ్చయ పదం ఒకటి ఉంది. అది ‘అ’. రెండు పదాలనో రెండు వాక్యాలనో కలిపే అవ్యయాన్ని సముచ్చయం అంటారు. తెలుగులో ‘మరియు’, ‘కానీ’, ‘లేదా’ వంటివి ఆ పని చేస్తాయి, ‘రాముడూ లక్ష్మణుడూ’ అన్నప్పుడు పదాల చివరి అచ్చు సాగడంతోనే ఆ పని జరిగిపోతుంది. ఈ ‘అ’కు చెక్ నిఘంటువులో ‘మరియు’ అనే అర్థం కనిపిస్తుంది, స్లొవీన్ నిఘంటువులో ‘కానీ’ అని ఉంటుంది, రష్యన్ నిఘంటువు ఆ రెండు అర్థాలనూ ఇచ్చి, రెండింటికీ సరిపడని వాడుకలను వరుసగా చూపుతూ పోతుంది. ఒకే ఇంట పుట్టిన పదం ఇన్ని విధాలుగా చీలిపోయిందా, లేక నిఘంటువులు విడివిడిగా చూపుతున్నది నిజానికి ఒకే అర్థానికి వేర్వేరు పార్శ్వాలా అన్న ప్రశ్నకు జవాబు దొరకాలంటే ఆ పదం పుట్టుక దాకా వెళ్లక తప్పదు.

సంస్కృత శబ్దమంజరి వల్లించిన వారెవరికైనా ‘రామాత్, రామాభ్యాం, రామేభ్యః’ అనే పంచమీ విభక్తి రూపాలు గుర్తుంటాయి. ‘రాముని నుండి’ అనే అర్థాన్నిచ్చే ఆ ‘ఆత్’ అనే ప్రత్యయం సంస్కృతంలో మొదలైనది కాదు. సంస్కృతం, గ్రీకు, లాటిన్, స్లావిక్, బాల్టిక్ మొదలైన భాషలకు మూలమని భాషావేత్తలు పునర్నిర్మించిన మూల ఇండో-యూరోపియన్ భాషలో అది ‘ఓద్’ అనే రూపంలో ఉండేదని, అతి ప్రాచీన లాటిన్ శాసనాల్లో ఆ ‘ఓద్’ ఇంకా కనిపిస్తుందని అంటారు. ఆ మూలభాషలో ‘అది, ఇది’ అని చూపే ఒక చిన్న సర్వనామం ఉండేది. దాని పంచమీ రూపం, అంటే ‘దాని నుండి, అక్కడి నుండి’ అనే అర్థపు మాట, ప్రత్యయం తప్ప మరేమీ మిగలనంత పొట్టిది. వేదభాషలో అది ‘ఆత్’ అనే అవ్యయంగా నిలిచి ‘ఆ తరువాత, అప్పుడు’ అనే అర్థాన్నిచ్చింది. అవెస్తా భాషలో ‘ఆఅత్’ అయింది. లిథువేనియన్ భాషలో ‘ఓ’ అనే సముచ్చయమై నేటికీ ‘మరి, అయితే’ అన్న అర్థంలో వినిపిస్తోంది. స్లావిక్ భాషల్లో ‘అ’ అయింది. మాక్స్ వాస్మర్ 1950లలో జర్మనీలో వెలువరించిన రష్యన్ వ్యుత్పత్తి నిఘంటువు ఈ నాలుగింటినీ పక్కపక్కనే పెట్టి చూపుతుంది. ఒలేగ్ త్రుబచోవ్ సంపాదకత్వంలో మాస్కోలో 1974లో మొదలైన స్లావిక్ భాషల వ్యుత్పత్తి నిఘంటువు తొలి సంపుటానికి ఈ ‘అ’యే మొదటి ఆరోపం.

ఇక్కడ తెలుగు పాఠకులు ఒక జాగ్రత్త పాటించాలి. తెలుగులో దూరపు వస్తువును చూపే ‘ఆ’ కూడా ఒంటి అచ్చే, అర్థంలోనూ దగ్గరదే. అయినా అది ద్రావిడ భాషల సొత్తు, దానికీ ఈ స్లావిక్ పదానికీ బంధుత్వం లేదు. ఒంటి అచ్చు పదాల మధ్య ధ్వనిసామ్యం సులువుగా కుదురుతుంది కాబట్టే వాటి విషయంలో ఆధారాన్ని ధ్వనిలో కాక వ్యాకరణంలో వెతకాలి.

అటువంటి ఆధారం ఈ పదానికి పుష్కలంగా ఉంది. మూలభాషలోని పదాంత హల్లులన్నీ ఆదిస్లావిక్ భాషలో, అంటే నేటి స్లావిక్ భాషలు విడిపోకముందున్న ఉమ్మడి భాషలో, రాలిపోయాయి. దీర్ఘ ఓకారం అకారమైంది. కనుక ‘ఓద్’ అనేది స్లావిక్‌లో ‘అ’ కావడం నియమబద్ధం. ఇదే మార్పు నామవాచకాల చివర కూడా జరిగింది: తోడేలుకు సంస్కృతంలో ‘వృకః’, దాని పంచమి ‘వృకాత్’, లిథువేనియన్‌లో ‘విల్కస్’, దాని షష్ఠి ‘విల్కో’, రష్యన్‌లో ‘వోల్క్’, దాని షష్ఠి ‘వోల్క’. బాల్టిక్, స్లావిక్ భాషల్లో ఈ తరగతి పదాలకు పాత పంచమియే షష్ఠి పని కూడా తలకెత్తుకుంది. మూలభాష దీర్ఘ ఓకారం లిథువేనియన్‌లో సాధారణంగా ‘ఉఓ’ అనే సంయుక్త స్వరం కావాలి, కానీ ఈ ప్రత్యయంలో మాత్రం ‘ఓ’ అయింది. సముచ్చయంలోనూ సరిగ్గా అదే ‘ఓ’ కనిపిస్తుంది. అపవాదం కూడా రెండు చోట్లా ఒకేలా ఉండడం, సముచ్చయమూ విభక్తి ప్రత్యయమూ ఒకే ముద్దలోవని చెప్పడానికి నియమం కంటే గట్టి సాక్ష్యం. ‘అ’ అనేది కేవలం ఆశ్చర్యార్థకంగా పుట్టిన ధ్వని అయి ఉండవచ్చునన్న అభిప్రాయం కూడా ఉంది. అయితే లిథువేనియన్, అవెస్తా, వేదభాషల రూపాలు ఇంత పద్ధతిగా కలిసిరావడాన్ని ఆ అభిప్రాయం వివరించలేదు.

స్లావిక్ భాషల్లో ‘మరియు’ అనే అర్థానికి అన్నిటికంటే ఎక్కువగా వాడే ‘ఇ’ అనే మరో ఒంటి అచ్చు సముచ్చయం వ్యుత్పత్తి కూడా దీనికి తోడుగా నిలుస్తుంది. ఎక్కువమంది పండితులు అంగీకరించే వివరణ ప్రకారం అది అదే సర్వనామపు సప్తమీ విభక్తి రూపం, అంటే ‘దానిలో, అక్కడే’ అన్న మాట. గ్రీకులో ‘అయితే’ అనే నిబంధనార్థకమైన ‘ఎయ్’ దాని జ్ఞాతి. ఈ లెక్కన స్లావులు వాక్యాలు కలపడానికి వాడే అతి సామాన్యమైన రెండు పదాలూ ఒకే సర్వనామం నుండి వచ్చిన సప్తమీ పంచములు: ఒకటి ఉన్నచోటనే ఉండి మరొకదాన్ని చేరుస్తుంది, రెండోది ఉన్నచోటు విడిచి మరొకదాని వైపు కదులుతుంది. చేర్పుకూ కదలికకూ మధ్య ఉన్న ఈ భేదమే ‘అ’ చరిత్ర అంతటికీ తాళంచెవి.

రష్యన్ నిఘంటువులో అకారాది పదాల భాగం తెరిస్తే పుటలు నిండా పరాయి పదాలే ఉంటాయి. సైన్యానికి ‘ఆర్మియ’, మందుల దుకాణానికి ‘అప్త్యేక’, పుచ్చకాయకు ‘అర్బూజ్’ అన్నీ ఎరువు పదాలు. ఆదిస్లావిక్‌లో అకారంతో మొదలయ్యే పదాల ముందు యకారం వచ్చి చేరింది. ఆపిల్‌కు రష్యన్ పేరు ‘యాబ్లక’ కావడం, గొర్రెపిల్లకు ‘యగ్న్యోనక్’ కావడం అందువల్లనే. ఆ యకారం తగులుకోకుండా తప్పించుకున్న అచ్చమైన స్లావిక్ పదాలు కొద్ది మాత్రమే, వాటిలో ముఖ్యమైనది ఈ సముచ్చయం. ముందు పదం అచ్చుతో ముగిసి వెంటనే అకారం వచ్చినప్పుడు ఆ రెంటి మధ్య యకారం పుట్టిందని, సముచ్చయం మాత్రం వాక్యం మొదట, ఒక విరామం తరువాత వచ్చేది కాబట్టి దానికి ఆ అవసరం కలగలేదని దీనికి చెప్పే కారణం. తెలుగువారికి యడాగమ సంధి సుపరిచితమే కనుక ఈ వివరణ కొత్తగా తోచదు.

స్లావిక్ భాష తొలిసారి గ్రంథస్థమైంది 9వ శతాబ్దిలో. బైజాంటియం నుండి సిరిల్, మెథోడియస్ అనే సోదరులు 863లో మొరావియా రాజ్యానికి మతబోధకు వెళ్లి, గ్లాగొలిటిక్ అనే కొత్త లిపిలో క్రైస్తవ గ్రంథాలను గ్రీకు నుండి అనువదించారు. ఆ భాషను ప్రాచీన చర్చి స్లావొనిక్ అంటారు. దాని వ్రాతప్రతులు 10, 11వ శతాబ్దుల నుండి మిగిలాయి. అనువాదంలో గ్రీకు ‘కయ్’కి ‘ఇ’ని, ‘అల్ల’కు ‘ను’ అనే పదాన్ని వాడారు. గ్రీకు వాక్యాలను తరచుగా నడిపే ‘దె’ అనే అవ్యయం వాక్యంలో రెండో స్థానంలో నిలుస్తుంది. అనువాదకులు దానికి సాటిగా అలాగే రెండో స్థానంలో నిలిచే ‘జె’ అనే స్లావిక్ అవ్యయాన్ని ఎక్కువగా వాడారు. ఫలితంగా, ‘దె’ పనిలో సగం చేయగల ‘అ’కు చర్చి గ్రంథాల్లో చోటు తగ్గింది. ఆ తరువాత చాలా శతాబ్దుల పాటు తూర్పు, దక్షిణ స్లావుల పండిత రచనకు చర్చి స్లావొనిక్ ఒరవడి అయింది కాబట్టి, ‘అ’ ఎలా బతికిందో తెలియాలంటే మఠాల గ్రంథాలు చాలవు, బజారు ఉత్తరాలు చదవాలి.

అదృష్టవశాత్తూ ఆ ఉత్తరాలు దొరికాయి. ఉత్తర రష్యాలోని నవ్‌గొరద్ నగరంలో అర్తేమీ అర్త్సిఖోవ్‌స్కీ నాయకత్వాన జరిగిన తవ్వకాల్లో 1951 జులై 26న మొదటి భూర్జపత్ర లేఖ బయటపడింది. ఆ తరువాత ఒక్క నవ్‌గొరద్‌లోనే 1100కు పైగా దొరికాయి. నీరూరే బంకమట్టి గాలి సోకనీయకపోవడంతో అవి కుళ్లకుండా నిలిచాయి. భూర్జమనే సంస్కృత పదమూ ఆ చెట్టుకు రష్యన్‌లో ఉన్న ‘బెర్యోజ’ అనే పేరూ ఒకే ధాతువు సంతానం. హిమాలయాల్లోనూ నవ్‌గొరద్‌లోనూ ఆ చెట్టు బెరడు రాతకు ఉపయోగపడింది. నవ్‌గొరద్‌వారు సిరా లేకుండా ఇనుప కొన లేదా ఎముక కొనతో బెరడు మీద గీసి రాశారు. అప్పుల లెక్కలు, పొలం పనులు, పెళ్లి సంబంధాలు, తగాదాలు ఆ లేఖల్లో ఉంటాయి. పదాల మధ్య ఖాళీ విడిచే అలవాటు వారికి లేదు. అక్షరాలన్నీ ఒకే తీగలా సాగిపోయే ఆ రాతలో ఒక విషయం ముగిసి మరొకటి మొదలైందని చదువరికి తెలిపేది చాలాసార్లు ఈ ‘అ’ ఒక్కటే.

109వ సంఖ్య గల లేఖ ఇందుకు చక్కని నిదర్శనం. 11వ శతాబ్ది చివర లేదా 12వ శతాబ్ది మొదట జిజ్నొమీర్ అనేవాడు మికూల అనేవాడికి రాసిన ఉత్తరమది. మికూల ప్స్కోవ్‌లో ఒక దాసిని కొన్నాడు. ఆమె రాణి ఇంటి నుండి దొంగిలింపబడినదన్న అనుమానం మీద రాణి మనుషులు జిజ్నొమీర్‌ను పట్టుకున్నారు. అతని పరివారం పూచీ పడి విడిపించింది. నాటి చట్టంలో దొంగసొత్తు ఎవరి చేతుల మీదుగా వచ్చిందో ఒక్కొక్క అమ్మకందారుకూ ఎదురుపడి వెనక్కి విచారించుకుంటూ పోయే పద్ధతి ఉండేది, దాన్ని ‘స్వోద్’ అనేవారు. అందుకు సిద్ధమవుతూ జిజ్నొమీర్, దాసిని అమ్మినవాడికి వెంటనే లేఖ రాయమని, వాడి దగ్గర మరో దాసి ఉందేమో కనుక్కోమని, తాను గుర్రం కొని రాజు మనిషిని ఎక్కించుకుని విచారణకు బయలుదేరుతున్నానని, మికూల ఇంకా సొమ్ము పుచ్చుకోకపోతే వాడి దగ్గర ఏమీ పుచ్చుకోవద్దని రాశాడు.

ఆ లేఖలో పట్టుకున్నారన్న వాక్యమూ, పూచీ పడ్డారన్న వాక్యమూ, లేఖ పంపమన్న వాక్యమూ మూడూ ‘అ నినె’ అనే మాటలతోనే, అంటే ‘ఇక ఇప్పుడు’ అంటూనే మొదలవుతాయి. వాటి తరువాతి వాక్యం కూడా ‘అ’తోనే మొదలవుతుంది. వీటిలో ఎక్కడా వైరుధ్యం లేదు కనుక ‘కానీ’ అనే అర్థం కుదరదు. కేవలం కూడిక కూడా కాదు, ఎందుకంటే ప్రతి చోటా వ్యవహారం ఒక మెట్టు ముందుకు కదులుతోంది. చివరి వాక్యంలో మరింత ముఖ్యమైన సంగతి కనిపిస్తుంది. ‘పుచ్చుకోకపోతే’ అనే నిబంధన ముగిసి ‘పుచ్చుకోవద్దు’ అనే ప్రధాన వాక్యం మొదలయ్యే చోట మళ్లీ ‘అ’ నిలిచింది. ‘అలా అయితే, అప్పుడు’ అనడంలోని ‘అప్పుడు’ స్థానమది. ఋగ్వేదంలోని ‘ఆత్’కు కూడా ఈ స్థానం సహజమైనదే: ‘ఇత్’ అనే నొక్కిచెప్పే అవ్యయంతో కలిసి ‘ఆదిత్’ అయి, ‘యదా’ అని మొదలైన వాక్యం తరువాత, సరిగ్గా అప్పుడే అనే అర్థంలో వస్తుంది, మొదటి మండలంలో దీర్ఘతముని అశ్వస్తుతిలో ఆ ప్రయోగం ఉంది. లౌకిక సంస్కృతంలో ‘ఆత్’ అంతరించి ‘యదా, తదా’ జంట స్థిరపడింది. వేదర్షి నోట పలికిన స్థానంలోనే ఆ అవ్యయం తోబుట్టువు నవ్‌గొరద్ వర్తకుడి బెరడు ముక్క మీద నిలిచి ఉండడం, ‘దాని నుండి’ అనే పంచమ్యర్థం 12వ శతాబ్ది దాకా స్లావుల వాడుకలో సజీవంగా ఉందనడానికి ఎంతో విలువైన సాక్ష్యం.

చట్టాల భాష ఆ వాడుకను మరికొంత కాలం కాపాడింది. ప్రాచీన రష్యన్ చట్టసంగ్రహమైన ‘రూస్కయ ప్రావ్ద’ విస్తృత పాఠంలో, 1282 నాటి ప్రతి దాని అతి ప్రాచీన ప్రతి, నిబంధనలు ‘అజె’ అనే పదంతో మొదలవుతుంటాయి. ‘అ’, ‘జె’ కలిసి ‘ఒకవేళ’ అనే అర్థాన్నిచ్చే సమాసమది. జారు అలెక్సేయ్ మిఖాయిలవిచ్ కాలంలో, 1649లో, 25 అధ్యాయాలు, 967 నిబంధనలతో వెలువడిన మాస్కో చట్టస్మృతిలో కూడా ఎన్నో నిబంధనలు ‘మరి ఒకవేళ’ అనే అర్థంలో ‘అ’తో మొదలై ఒకదాని వెంట ఒకటి సాగిపోతాయి. ఆ తరువాతి శతాబ్దిలో రష్యన్ సాహిత్యభాషకు కొత్త రూపం ఏర్పడినకొద్దీ వరుసగా జరిగినవి చెప్పే పని ‘ఇ’కి చిక్కి, ‘అ’కు పోలికా భేదమూ చూపే పని ప్రధానంగా మిగిలింది.

పశ్చిమాన ‘అ’ ఒక జాతి భాషాచరిత్రకు ఆరంభంలోనే కనిపిస్తుంది. సైలీషియాలోని హెన్రికూఫ్ గ్రామంలో సిస్టర్షియన్ మఠం వారి భూముల చరిత్రను పీటర్ అనే మఠాధిపతి 1270 ప్రాంతంలో లాటిన్‌లో రాస్తూ, ఒక పల్లె పేరెలా వచ్చిందో చెప్పే సందర్భంలో స్థానిక భాషలో ఒక వాక్యాన్ని ఉన్నదున్నట్టు రాసిపెట్టాడు. పోలిష్‌లో రాతకెక్కిన తొలి వాక్యంగా దాన్నే చెప్పుకుంటారు. ఆ గ్రంథం 2015లో యునెస్కో ప్రపంచ స్మృతి పట్టికలో చేరింది. బొగుహ్వాల్ అనే చెక్ దేశస్థుడు అక్కడ స్థిరపడి ఒక పల్లె పిల్లను పెళ్లాడాడు. ఆమె రోజంతా తిరగలి దగ్గర కూర్చుని విసరడం చూసి జాలిపడి, తాను విసురుతానని, ఆమెను విశ్రాంతి తీసుకోమని అన్నాడు. తిరగలి విసరడం ఆడవాళ్ల పనిగా భావించే కాలం కనుక ఇరుగుపొరుగువారు అతనికి బ్రుకాల్ అని మారుపేరు పెట్టారు, ఊరు బ్రుకలిత్సె అయింది. ఆ వాక్యంలో ‘నేను విసురుతాను’ అన్నదానికీ ‘నువ్వు విశ్రమించు’ అన్నదానికీ నడుమ ఉన్నది ‘అ’. భర్తను విడిచి భార్య వైపు, పనిని విడిచి విశ్రాంతి వైపు వాక్యం తిరిగే చోట అది ఉంది. మాట్లాడినవాడు చెక్ దేశస్థుడు కాబట్టి ఆ వాక్యం పూర్తిగా పోలిష్‌దేనా అని చర్చ సాగింది, కానీ ‘అ’ విషయంలో ఆ చర్చకు పని లేదు. అప్పటికి రెండు భాషలకూ అది ఉమ్మడి ఆస్తి.

నేటి రష్యన్‌లో ఈ సముచ్చయం నడిపే పనిని 1974లో గ్రిగోరీ క్రేయ్ద్‌లిన్, యెలేన పదుచేవ ఒక వ్యాసంలో నిశితంగా పరిశీలించారు. రష్యన్‌లో ‘ఇ’, ‘అ’, ‘నో’ అని మూడు అంతస్తులు ఉన్నాయి. ఇద్దరూ ఒకే పని చేస్తున్నారంటే ‘ఇ’. ఒకదాన్ని బట్టి ఆశించినది జరగలేదంటే ‘నో’. ఇద్దరూ వేర్వేరు పనులు చేస్తున్నారంటే ‘అ’. తెలుగులో ‘అన్న చదువుకుంటున్నాడు, తమ్ముడేమో ఆడుకుంటున్నాడు’ అనేటప్పుడు ‘ఏమో’ అనే ప్రత్యయం చేసే పనికి ఇది చాలా దగ్గర. అన్న చదువుకోవడం తమ్ముడి ఆటకు అడ్డమూ కాదు, కారణమూ కాదు. మాట ఒకరి మీద నుండి మరొకరి మీదికి మళ్లింది, అంతే. ‘ఇది బల్ల కాదు, కుర్చీ’ అనే వాక్యంలో తెలుగువారు కామాతో సరిపెట్టే చోట రష్యన్లు ‘అ’ పెట్టి తీరాలి. కాదన్నదాన్ని విడిచి అవునన్నదాని దగ్గరికి పోవడం కూడా మళ్లింపే కదా. ‘త్వరగా రా, లేకుంటే ఆలస్యమవుతుంది’ అనడానికి ‘అ తో’ అంటారు. సంభాషణలో కొత్త ప్రశ్న ఎత్తుకునేటప్పుడు ‘మరి మీరు?’ అన్నట్టుగా ‘అ’తో మొదలుపెడతారు. వీటన్నింటినీ విడివిడి అర్థాలుగా నేర్చుకునేవారికి రష్యన్ కష్టంగా తోస్తుంది, కానీ వాటి అడుగున ఉన్నది ఆ ఒక్క మళ్లింపే.

పోలిష్‌లోనూ మూడంతస్తుల అమరికే ఉంది, అయితే అక్కడ ‘అ’కు మరో వింత ఉద్యోగం దక్కింది. ‘క్రాకూఫ్‌కూ వార్సాకూ మధ్య’ అనేటప్పుడు పోలిష్ వారు ఆ రెండు పేర్ల నడుమ ‘ఇ’ కాక ‘అ’ వాడతారు; ‘సాహిత్యమూ రాజకీయమూ’ వంటి గ్రంథనామాల్లో ‘అ’ పెడితే ఆ రెంటి పరస్పర సంబంధం అనే అర్థం వస్తుంది. ఒక కొస నుండి మరో కొసకు పోవడమే ‘మధ్య’ అనే భావన కనుక ఇక్కడ పంచమి ఇంకా చెక్కుచెదరలేదు. చెక్, స్లొవాక్, సోర్బియన్ భాషల్లో మాత్రం ‘అ’ తన సోదరుడైన ‘ఇ’ని పక్కకు నెట్టి సాదా ‘మరియు’ అయి కూర్చుంది. ఈ మార్పు సగం దారిలో ఎలా ఉండేదో 1579 నుండి 1593 వరకు వెలువడిన క్రాలిత్సె చెక్ బైబిల్‌లో చూడవచ్చు. సృష్టికథ మొదటి వాక్యంలో ఆకాశాన్నీ భూమినీ కలిపేది ‘అ’. ఆ వెంటనే దేవుడు పలికాడన్న కథనవాక్యాన్ని ఎత్తుకునేది ‘ఇ’. అదే ఆకాశమూ భూమీ పోలిష్, రష్యన్ బైబిళ్లలో ‘ఇ’తోనే కలుస్తాయి. ఇప్పటి చెక్ వాడుకలో ‘ఇ’కి ‘కూడా’ అనే అర్థం మిగిలింది, కలపడం ‘అ’ వంతయింది. విరామ చిహ్నాలు సైతం ఈ తేడాను పాటిస్తాయి: రష్యన్లు ‘అ’ ముందు కామా పెడతారు, చెక్‌లు సాదా కలయికలో పెట్టరు.

దక్షిణాన సెర్బియన్, క్రొయేషియన్, మెసిడోనియన్, బల్గేరియన్ భాషల్లో ‘అ’ రష్యన్‌కు దగ్గరి పద్ధతిలోనే సాగుతుంది. స్లొవీన్ ఒక్కటే ఎదురు దారి పట్టి రాతభాషలో దాన్ని ‘కానీ’గా స్థిరపరచింది. లుబ్లియానా వీధుల్లో ‘అ’తో మొదలయ్యే ప్రశ్నలు ఎక్కువగా వినిపిస్తాయి, అయితే ఆ ప్రశ్నార్థకం ‘అలి’ అనే పదం అరిగి ఏర్పడిందని వివరిస్తారు. అంటే అది పాత ‘అ’ కాదు, దాని సంతానంలో ఒకటి తండ్రి రూపానికి తిరిగి రావడం. బల్కన్ భాషల్లో ఎక్కువగా వినిపించే ‘అమ’ను మాత్రం ఈ కుటుంబంలో కలపకూడదు, ‘కానీ’ అనే అర్థంగల ఆ పదం ఒట్టొమన్ పాలనలో తుర్కీ నుండి వచ్చింది, తుర్కీకి అరబిక్ నుండి వచ్చింది.

‘అ’ సంతానం ఇంతగా విస్తరించడానికి ఒక వ్యాకరణ నియమం కారణం. తమంతట తాము ఊనికతో నిలబడలేక ముందరి పదాన్ని ఆనుకుని పలికే చిన్న అవ్యయాలు వాక్యంలో మొదటి పదం వెంటనే, రెండో స్థానంలో చేరతాయని యాకోబ్ వాకర్నాగెల్ 1892లో నిరూపించాడు. సంస్కృత ‘చ’, లాటిన్ ‘క్వె’ ఇటువంటివే. స్లావిక్‌లో సందేహాన్ని తెలిపే ‘లి’, నొక్కిచెప్పే ‘జె’, కారణాన్ని తెలిపే ‘బొ’, కోరికను తెలిపే ‘బి’ ఈ తరగతికి చెందుతాయి. వాక్యం మొదట ‘అ’ కూర్చుంటే వీటికి దాన్ని ఆనుకోవడం తప్ప వేరే దారి లేదు. వందల ఏళ్లు అలా ఆనుకుని ఆనుకుని అతుక్కుపోయాయి.

‘అ’, ‘లి’ కలిసిన ‘అలి’ సెర్బియన్‌లో ‘కానీ’, స్లొవీన్‌లో ‘లేదా’, రష్యన్ జానపదుల నోట కూడా ‘లేదా’. దాని పక్కదైన ‘అలె’ పోలిష్, చెక్, స్లొవాక్, ఉక్రేనియన్, బెలారుసియన్ భాషలన్నింటికీ ‘కానీ’. పైన చెప్పిన మూడంతస్తుల్లో మూడోది చాలా భాషల్లో రెండోదాని బిడ్డ చేతిలోనే ఉందన్నమాట. ‘బొ’ చేరిన ‘అబొ’ ఉక్రేనియన్, బెలారుసియన్‌లలో ‘లేదా’. పోలిష్ దానిలో ‘లి’ని కూడా ఇరికించి ‘అల్బొ’ చేసుకుంది. ‘జె’ చేరిన ‘అజె’ పోలిష్, చెక్‌లలో కుదించుకుపోయి ‘అష్’ అనే ఉచ్చారణతో ‘అంతవరకు’ అనే అర్థానికి చేరింది.

వీటన్నింటిలోకీ ‘అబి’ కథ ప్రత్యేకం. ‘ఉండు’ అనే క్రియకు, అంటే సంస్కృత ‘భూ’ ధాతువుకు జ్ఞాతి అయిన స్లావిక్ క్రియకు, చెందిన పాత రూపమే ఈ ‘బి’. సముచ్చయంతో కలిసిపోయినా క్రియాస్వభావం వదలకపోవడంతో, ‘చేయడానికి, అయ్యేలా’ అనే అర్థంగల ఈ సముచ్చయానికి చెక్‌లో పురుషభేదం ఉంది. ‘నేను అయ్యేలా’ అంటే ‘అబిఖ్’, ‘నువ్వు అయ్యేలా’ అంటే ‘అబిస్’, ‘మేము అయ్యేలా’ అంటే ‘అబిఖొమ్’. అవ్యయమనే పేరుకే ఎదురు తిరిగి పురుషవచనాలతో మారే సముచ్చయమిది. మామూలు చెక్ మాటల్లో ఈ రూపాలను విడదీసి వర్తమాన క్రియను అతికించే అలవాటు బాగా ఉంది, బడుల్లో దాన్ని తప్పుగా దిద్దుతూనే ఉంటారు.

రష్యన్‌లో ‘అ’కు ‘ఇదిగో’ అనే అర్థపు నిర్దేశక పదం కలిసి ‘అవోస్’ అయిందని నిఘంటుకారులు చెబుతారు. ‘ఏమో, కలిసి రావచ్చు’ అని దైవం మీద భారం వేసే మనస్తత్వానికి అది పేరు. సోవియట్ కాలంలో జేబులో మడిచి పెట్టుకుని తిరిగే వల సంచికి ‘అవోస్క’ అనే పేరు దాని నుండే పుట్టింది, దుకాణంలో ఏదైనా దొరక్కపోతుందా అనే ఆశతో వెంట ఉంచుకునే సంచి కాబట్టి.

స్లావిక్ సరిహద్దు దాటి కూడా ఈ సంతానం వెళ్లింది. సొంత ‘ఓ’ను దక్కించుకున్న లిథువేనియన్‌లోనే పొరుగు స్లావుల ‘అలె’ మాటల్లో చొరబడింది. తూర్పు యూరప్ యూదుల యిద్దిష్ భాష జర్మానిక్ కుటుంబానిదే అయినా, ‘అబి’ని స్లావుల నుండి తీసుకుని ‘అంతవరకు ఉంటే చాలు’ అనే అర్థంలో స్థిరపరచుకుంది. ‘ఆరోగ్యముంటే చాలు’ అనడానికి ‘అబి గెజుంట్’ అనేది ఆ భాషలో నిత్యం వినిపించే మాట. 19వ శతాబ్ది చివర రష్యన్ సామ్రాజ్యం నుండి వలసపోయిన యూదు కుటుంబాలతో అది అట్లాంటిక్ దాటి న్యూయార్క్ చేరింది.